ముఖం ఇచ్చేసి ఊరుకుంటే సరా?

మా రోజుల్లో రోబో బొమ్మ వెయ్యాలంటే ముందు పెన్సిలు చెక్కుకోవాలి. మోకాలు ఎటు మడుస్తుంది, మెడ ఎంతవరకు తిరుగుతుంది, బ్యాటరీ పొట్టలో పెడితే నడుము ఎలా వంగుతుంది అని బుర్ర గోక్కోవాలి. వేసిన కాలు కుదరక రబ్బరుతో రుద్దితే కాగితం చిరిగేది. ఇప్పుడా బాధే లేదు. కుర్రాడు ఫోను తీస్తాడు, తన ఫొటో ఒకటి అందులోకి ఎక్కిస్తాడు, "నన్ను రోబోగా మార్చు" అంటాడు. చేతిలో టీ చల్లారకముందే బొమ్మ వచ్చేస్తుంది. సగం ముఖం ఉక్కు, సగం ముఖం మనవాడిది, కళ్లల్లో నీలం దీపాలు, వెనకాల ఆకాశాన్నంటే మేడలు. ఆ మేడలు శ్రీకాకుళంలో లేవు, విజయనగరంలో లేవు, విశాఖపట్నంలోనూ లేవు. అంతకంటే నాకు కష్టం కలిగించేది ఇంకొకటుంది. ఎండలో తిరిగి నల్లబడ్డ మనవాడి ఒళ్లు ఆ బొమ్మలో తెల్లబడిపోతుంది. ముక్కు సన్నబడుతుంది. నొసటి మీద చిన్నప్పటి దెబ్బ మచ్చ ఉంటే మాయమైపోతుంది. తన పోలికతో రోబో అని తెచ్చి చూపిస్తాడు, అందులో తన పోలికే ఉండదు!

నేను శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల హైస్కూళ్లలో సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి. ఉద్యోగంలో చేరేనాటికి విజయనగరం జిల్లాయే లేదు, అది 1979లో వచ్చింది. ఇప్పటికీ విజ్ఞాన ప్రదర్శనలకీ పిల్లల కథల పోటీలకీ చూసిపెట్టమని పిలుస్తుంటారు. ఈమధ్య సైన్స్ ఫిక్షన్ అనగానే వరసపెట్టి ఒకటే ఊహ వస్తోంది. ఒక శాస్త్రవేత్త ఉంటాడు, అచ్చం తనలాంటి రోబోను చేస్తాడు. ఊహ తప్పని నేననను. చాలా గొప్ప ఊహ. మనిషి తనని తాను ఎదురుగా నిలబెట్టుకుని చూసుకోవడం కంటే పెద్ద కథ ఏముంటుంది? నా గొడవల్లా ఒక్కటే. ముఖం దగ్గర మొదలుపెట్టి ముఖం దగ్గరే ఆగిపోతున్నారు. ఆ రోబో ఎలా మాట్లాడుతుంది, దేనికి కోప్పడుతుంది, చేసినవాడి లోపం దానికి వచ్చిందా లేదా, చేసినవాడు ఊళ్లో లేనప్పుడు అది ఎవరికి జవాబు చెప్తుంది అని అడిగితే నా వైపు వింతగా చూస్తారు.

ఈ ఊహ హాలీవుడ్డులో పుట్టిందని వాళ్ల నమ్మకం. శ్రీకాకుళం బస్టాండు దగ్గర ఆటో ఎక్కితే అరసవల్లి ఎంతసేపు? అక్కడ సూర్యనారాయణస్వామి పక్కన ఉషాదేవి, పద్మాదేవి, ఛాయాదేవి అని ముగ్గురున్నారు. ఆ మూడో ఆవిడ ఎవరని అడిగితే పదిమందిలో ఒక్క కుర్రాడు కూడా చెప్పడం లేదు. మా రోజుల్లో రథసప్తమికి ముసలివాళ్ల వెంట నడిచి వెళ్తుంటే దారి పొడుగునా ఈ కథే.

విశ్వకర్మ కూతురు సంజ్ఞాదేవి. సూర్యుణ్ణి పెళ్లాడింది. మొగుడి వేడికి తట్టుకోలేకపోయింది. పుట్టింటికి పోదామంటే ముగ్గురు పిల్లలు. మనువు, యముడు, యమి. వాళ్లని ఎవరికి అప్పగించాలి? తన నీడలోంచి తనలాంటి మనిషినే చేసింది. అదే రూపు, అదే మాట. ఆ నీడమనిషే ఛాయ. "నువ్విక్కడ నా బదులు ఉండు, పిల్లల్ని బాగా చూసుకో, ఈ సంగతి ఆయనతో అనకు" అని చెప్పింది. అప్పుడు ఛాయ ఏమందో మార్కండేయ పురాణంలో ఉంది. జుట్టు పట్టుకునేదాకా, శాపం పెట్టేదాకా వస్తే తప్ప నోరు విప్పను, అంతవరకు నీ మాట జవదాటను, నువ్వు వెళ్లు అంది.

పురాణాల్లో రోబోలున్నాయని నేను చెప్పడం లేదు. సైన్సు పాఠం చెప్పి బతికినవాణ్ణి, ఆ మాట అంటే నా పాఠానికే ద్రోహం. అది కథ. కాని ఆ కథ కట్టినవాడి బుర్ర చూడండి! ఐజాక్ అసిమోవ్ 1942లో ఒక కథలో రోబోలకి మూడు సూత్రాలు రాశాడు. మనిషికి హాని చెయ్యకూడదు, చెప్పిన మాట వినాలి, ఆ రెంటికీ అడ్డం రాకుండా తనని తాను కాపాడుకోవాలి. ప్రపంచమంతా ఆ సూత్రాలనే పట్టుకుంది. అవన్నీ చేసినవాళ్లు పెట్టిన హద్దులు. ఛాయ కథలో హద్దు పెట్టింది నకలు. ఇంతవరకు మోస్తాను, ఇది దాటితే మొయ్యను అని మొదటిరోజే చెప్పేసింది. నాకు తెలిసిన రోబో కథల్లో ఈ ఎత్తుకి వచ్చినవి ఎన్నో లేవు.

తర్వాతేమైంది? ఛాయకి తన పిల్లలు పుట్టారు. శని ఆవిడ కొడుకే. అప్పటినుంచి సవతి పిల్లల్ని చూసే చూపు మారింది. యముడికి కడుపు మండి కాలెత్తాడు. ఆవిడ కాలు పడిపోవాలని శపించింది. సూర్యుడికి అనుమానం అక్కడ పుట్టింది. ఇన్నాళ్లూ ఎదురుగా తిరుగుతున్న ముఖంలో ఆయనకి తేడా కనబడలేదు. తల్లి అయితే కొడుకుని ఇలా శపించదు కదా అనుకున్నాడు, నిలదీశాడు, ఛాయ చెప్పేసింది. రూపు ఎంత బాగా కుదిరినా నడతలో దొరికిపోయింది. ఆ తర్వాత సూర్యుడు మామగారి దగ్గరికి వెళ్తే విశ్వకర్మ ఆయన్ని సానపట్టి వేడి తగ్గించాడు. అలా రాలిన తేజస్సుతోనే విష్ణువుకి చక్రం, శివుడికి త్రిశూలం అయ్యాయంటారు. నకలు చెయ్యవలసి వచ్చిన కారణం ఏదో దాన్ని సరిచేశారన్నమాట. ఆఖర్న మరమ్మతు జరిగింది నకలుకి కాదు, మొగుడికి! పని తీరిపోయిందని ఛాయని విప్పి మూల పడెయ్యలేదు. ఈవేళ్టికీ అరసవల్లిలో ఆయన పక్కన నిలబడి దణ్ణాలు అందుకుంటోంది.

ఇంత సరుకు ఇంటి పక్కన ఉండగా న్యూయార్కులో రెండు రోబోలు కొట్టుకున్నాయని కథ రాసి పంపుతారు.

మా విజ్ఞాన ప్రదర్శనల సంగతి చెప్తాను. డాల్డా డబ్బా తలకాయ, బిస్కెట్ల అట్టపెట్టె ఒళ్లు, టార్చిలైటు బల్బులు కళ్లు. పాడైపోయిన టేప్‌రికార్డరు మోటారు దొరికితే చెయ్యి ఊగేది. ఎవరి రోబో చూసినా ఇంతే. ఒక ఏడు పొందూరు వైపునుంచి వచ్చిన కుర్రాడొకడు డబ్బా పొట్టలో టేప్‌రికార్డరు పెట్టి రోబో చేత మాట్లాడించాడు. ఆ కుర్రాడికి నత్తి. రోబోకీ నత్తే వచ్చింది, తన గొంతే రికార్డు చేశాడు గనక. ప్రదర్శనకి జిల్లా అధికారులు వస్తారు, మాట స్పష్టంగా ఉండే వేరే పిల్లాడి చేత మళ్లీ రికార్డు చేయించమని తోటి టీచర్లు నచ్చచెప్పారు. వాడు ఒప్పుకోలేదు. "రోబో నాది గదండి మాస్టారూ. నా గొంతు లేకపోతే నాదెలగవుతాది?" అన్నాడు. ప్రదర్శనలో పిల్లలు నవ్వారు. వాడు చేతులు కట్టుకుని ఆ డబ్బా పక్కనే నిలబడ్డాడు, నవ్వినవాళ్లకి కూడా మీట నొక్కి మళ్లీ వినిపించాడు. తన పోలికతో యంత్రం చెయ్యడమంటే ఏమిటో నాకు బోధపరిచింది ఆ కుర్రాడు. ఈ నాటి బొమ్మల్లో మచ్చలు చెరిగిపోతుంటే నాకు వాడే గుర్తొస్తాడు.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్లు ఒకే పనస దుంగని తొలిచి కుండా దండీ అన్నీ అందులోంచే తీస్తారు. ఏకాండి వీణ అంటారు దాన్ని. చేసినవాడి పోలికతో పుట్టే యంత్రం కూడా కథలో అలాగే రావాలి. ముఖం, గొంతు, నడక, పిరికితనం, పెంకితనం ఒకే దుంగలోంచి రావాలి. ఇప్పటివి అతుకులు. ముఖం ఒకచోటిది, గొంతు ఇంకోచోటిది, తెలివి మరెక్కడో కొన్నది.

ఇదే ఊహతో రోబో సినిమా 2010 అక్టోబరు 1న వచ్చింది. అరసవల్లిలో స్వామి పాదాల మీద ఎండ ఏటా రెండుసార్లు పడుతుంది, మార్చి రెండో వారం మొదట్లో ఒకసారి, సరిగ్గా ఆ రోజుల్లోనే, అక్టోబరు మొదట్లో, ఇంకోసారి. శ్రీకాకుళంలో ఆ వారం గుడి దగ్గరా జనమే, హాలు దగ్గరా జనమే. ఆ సినిమాని కుర్రాళ్లు రైలు మీద పోరాటం కోసం చూశారు. చిట్టి అనే రోబోలు వందల కొద్దీ చేరి బంతి అయిపోవడం, పాము అయిపోవడం చూసి ఈలలు వేశారు. నాకు ఆ సినిమా గొప్పతనం మొదటి సగంలో కనబడింది. శాస్త్రవేత్త వశీకరణ్ తన రూపే ఇచ్చి చిట్టిని చేస్తాడు. ఇద్దరూ రజనీకాంతే. ఒక ఇల్లు తగలబడిపోతుంటే చిట్టి మంటల్లోకి వెళ్లి మనుషుల్ని బయటికి తెస్తుంది. స్నానం చేస్తున్న ఒక ఆడపిల్లని కూడా ఉన్నపళంగా ఎత్తుకొచ్చి జనం మధ్యలో నిలబెడుతుంది. ఆ పిల్ల సిగ్గుతో పరిగెత్తి బండి కింద పడి చచ్చిపోతుంది. వశీకరణ్ తన కళ్లిచ్చాడు, ముక్కిచ్చాడు, బలం తనకంటే వెయ్యింతలిచ్చాడు. తనకున్న సిగ్గు దానికివ్వాలని తట్టలేదు! ఆ ఒక్క ఘట్టంలో ఎంత ఆలోచన ఉందో చూడండి. దర్శకుడు శంకర్‌తో కలిసి ఆ కథకి పనిచేసిన సుజాత అనే తమిళ రచయిత అసలు పేరు ఎస్. రంగరాజన్. భారత్ ఎలక్ట్రానిక్స్‌లో ఇంజనీరు, మన ఓటింగు యంత్రాల రూపకల్పనలో పనిచేసినవాడు. యంత్రంతో చేతులు మురికి చేసుకున్నవాడు గనకే యంత్రం ఎక్కడ తప్పుతుందో రాయగలిగాడు. సినిమా వచ్చేసరికి ఆయన లేడు, 2008లోనే పోయాడు. 2018లో వచ్చిన రెండో భాగంలో హంగులు పెరిగాయి గాని యంత్రం ఎక్కడ తప్పుతుందన్న ప్రశ్న వెనక్కి వెళ్లిపోయింది. ఆ సినిమా గురించి నాకు ఎక్కువ చెప్పాలని లేదు.

కాని మొదటి సినిమా ముగింపు దగ్గర నాకు ఇప్పటికీ పేచీ ఉంది. కోర్టు చెప్పిందని చిట్టి తనని తాను ముక్కలుగా విప్పుకుంటుంది. దాన్ని మార్చి పాడుచేసినవాడు వేరే ఉన్నాడు. దానికి మనసు పెట్టి, ఆ మనసు తను ప్రేమించిన పిల్ల మీదికే పోతే కోపంతో నరికి చెత్తలో పారేసినవాడు వశీకరణే. శిక్ష పడింది నకలుకి. అరసవల్లి కథ కట్టినవాళ్ల న్యాయబుద్ధి ఇక్కడ లేదు.

సినిమా వదిలేసి నిజం చూద్దాం. జపానులో హిరోషి ఇషిగురో అనే ఆయన ఉన్నాడు, ఒసాకా విశ్వవిద్యాలయం ప్రొఫెసరు. 2006లో తన పోలికతోనే జెమినాయిడ్ అనే రోబోను చేశాడు. తన ఒంటికి అచ్చు తీయించి, సిలికాన్ చర్మం తొడిగించాడు. గాలి ఒత్తిడితో కదిలే యాభై కీళ్లు పెట్టించాడు. కూర్చున్నప్పుడు ఊపిరి తీస్తున్నట్టు భుజాలు కదిలేలా, కనురెప్పలు కొట్టుకునేలా చేశాడు. అది లేచి నడవలేదు. సొంతంగా పెద్దగా మాట్లాడేది కూడా కాదు. ఇషిగురో వేరే గదిలో కూర్చుని మాట్లాడితే ఆయన పెదాలు కదిలినట్టు దాని పెదాలు కదిలేవి. దాని బుగ్గ ఎవరైనా ముట్టుకుంటే తనని ముట్టుకున్నట్టు అనిపిస్తుందని ఆయనే చెప్పాడు. ఈ కబురు చదివిన రోజు నేను చాలాసేపు ఆలోచనలో పడిపోయాను. ముఖం ఇచ్చి ఊరుకోలేదు ఆయన, తన మాటా తన స్పర్శా కూడా అక్కడ పెట్టాడు. అది ఏం మాట్లాడినా జవాబుదారీ ఆయనే, ఎందుకంటే మాట్లాడింది ఆయనే.

తర్వాత కబురు మాత్రం నాకు నచ్చలేదు. ఏళ్లు గడిచాయి. రోబో ముఖం అలాగే ఉండిపోయింది, ఈయన ముఖం ముదిరింది. అప్పుడాయన తన ముఖానికే చికిత్స చేయించుకుని దాని వయసుకి దగ్గరయ్యాడు. నకలు కోసం అసలు మారడమా! మా రోజుల్లో ఈ మాట కథలో రాస్తే ఎవరూ నమ్మేవారు కాదు. ఇప్పుడు చూస్తే ఇదే లోకం తీరైపోయింది. ఫోను అందంగా దిద్దిన తన ఫొటో చూసుకుని ఆ రంగు కోసం క్రీములు రాసుకునే పిల్లలు మన వీధుల్లో లేరా?

బతికున్నవాడి పోలిక అన్న మాట నేను ఎందుకు పట్టుకుంటున్నానో చెప్పాలి. అమెరికాలో ఫిలిప్ కె. డిక్ అనే రచయిత ఉండేవాడు. మనిషెవరు, మనిషి నకలెవరు, తేడా పట్టుకోవడం ఎలా అని జీవితమంతా కథలు రాశాడు. 1982లో పోయాడు. 2005లో డేవిడ్ హాన్సన్ బృందం ఆయన ముఖంతోనే ఒక రోబో చేసి, ఆయన రాసిన, చెప్పిన మాటలు దానిలో నింపింది. కొన్నాళ్లకి ఆ తలకాయ విమాన ప్రయాణంలో పోయింది. మళ్లీ దొరకలేదు. ఆయన్ని ఎవరూ అడగలేదు, అడగడానికి ఆయన లేడు. మన గాయకుడు బాలుగారి గొంతు సంగతీ అంతే. 2020లో ఆయన పోయాక ఒక తెలుగు సినిమాలో కృత్రిమ మేధతో ఆయన గొంతు పుట్టించి వాడారంటూ, అనుమతి తీసుకోలేదంటూ కుటుంబం లీగల్ నోటీసు పంపింది. బతికున్న మనిషి తన నకలుని తనే చేస్తే అడగడానికి ఒక మనిషుంటాడు. అది తప్పు చేస్తే చెవి మెలేసేందుకు ఒక చెవి ఉంటుంది. పిల్లలు ఈ కథలు రాసేటప్పుడు శాస్త్రవేత్తని రెండో పేజీలోనే చంపేస్తారెందుకో! వాణ్ణి బతికించండి. పక్కన నిలబెట్టండి, నా పొందూరు కుర్రాడు నిలబడ్డాడు చూశారా, అలా.

ఇక మాట సంగతి. ఇది నా అసలు బాధ.

ఈ గడ్డ మీద గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టారు, 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని పోరాడారు. కొండల్లో సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాళ్ల మాటలో చదువు చెప్పాలని నిఘంటువులు చేశారు. విజయనగరంలో 1892లో గురజాడవారి కన్యాశుల్కం మొదట రంగమెక్కినప్పుడు అందులో మనుషులు ఇళ్లల్లో మాట్లాడే మాటే మాట్లాడారు. అక్కడినుంచి కథకులు చాసో, రావిశాస్త్రి, కారా మేష్టారు. శ్రీకాకుళంలో కారా మేష్టారు 1997లో పెట్టిన కథానిలయంలో అడుగుపెడితే అల్మరాల నిండా మన మాటే. ఇంత తవ్వి పెట్టిన దారి ఉంది. అయినా మన పిల్లల రోబో ఎలా మాట్లాడుతోంది? "నమస్కారం, నేను మీకు ఏ విధంగా సహాయపడగలను?" అంటోంది. టీవీలో వార్తలు చదివే తెలుగు. దాన్ని చేసిన శాస్త్రవేత్తది పాలకొండ అని కథలో రాసి ఉంటుంది. పాలకొండవాడు తన పోలికతో చేసిన మనిషి తలుపు తీసి అలా అంటాడా? "ఏటి బాబూ, ఎప్పుడొచ్చినావు? లోపలికి రా, కూకో" అంటాడు. అలా రాయమంటే ఒక పిల్ల నాతో ఏమందంటే, "మాస్టారూ, రోబో కదండీ, యాస బాగోదండీ." యాస తనకి బాగోదు, తన యంత్రానికీ బాగోదు! యంత్రంలో కూడా తనని దాచుకోవాలని ఆ పిల్లకి ఎవరు నేర్పారు? మన మాటని వెక్కిరించిన సినిమాలు నేర్పాయి, పట్నం కాలేజీల్లో నవ్వినవాళ్లు నేర్పారు. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు.

మన ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. అక్కడ ఓటీవీ అనే చానెలు 2023 జూలైలో లీసా అనే కృత్రిమ యాంకరుని చూపించింది. మనిషి కాదు, బొమ్మ. ఒడిశా చేనేత చీర కట్టి ఒడియాలో వార్తలు చెప్పింది. ఆ ముఖం ఏ ఒక్క మనిషిదీ కాదు, కాబట్టి నాకు ఆ బొమ్మ మీద మోజేమీ లేదు. కాని చీర దగ్గరా భాష దగ్గరా వాళ్ల జాగ్రత్త చూశాను. మన పొందూరు ఖద్దరు కట్టిన రోబోని ఒక్క కథలో చూపించండి, నేను సంతోషిస్తాను.

సైన్సు మాస్టార్ని కాబట్టి ఇంకో గొడవ కూడా ఉంది. ఊరు లేని రోబోకి కష్టం లేదు. కష్టం లేనిదానికి కథ లేదు. కళింగపట్నంలోనో భావనపాడులోనో ఉండే మనిషి తన పోలికతో ఇనప మనిషిని చేస్తే ఉప్పుగాలికి అది ఎన్నాళ్లుంటుంది? కిటికీ ఊచలే నిలవవు. కీళ్లకి ఏం పూస్తాడు? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు కూలిపోయాయి. ఊళ్లకి ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అప్పుడు ఆ రోబోకి చార్జింగు ఎక్కడిది? ఇంట్లో ఒక్క బ్యాటరీ ఉంటే దాంతో దీపం వెలిగిస్తారా, మందులు పాడవకుండా చూస్తారా, రోబోని లేపుతారా? చేసినవాడి పోలికే అయితే అది ఏమంటుంది? ముందు నాకు పెట్టండి అంటుందా, నన్ను పడుకోనివ్వండి అంటుందా? ఈ ప్రశ్న వేస్తే ఒక కుర్రాడు, "మాస్టారూ, దానికి అణుశక్తి పెట్టేశానండి" అన్నాడు. అంతే, తుపాను పోయింది, మనిషి పోయాడు, కథ కూడా పోయింది.

మా రోజుల్లో ఇళ్లనిండా లేని మనుషులు ఉండేవారు. మా ముందుతరంలో రంగూను వెళ్లినవాళ్లు. మా కాలంలో ఖరగ్‌పూరు రైల్వేకీ, విశాఖపట్నం పనులకీ వెళ్లినవాళ్లు. ఇప్పుడు చెన్నై, హైదరాబాదు. మత్స్యకారులు గుజరాత్‌లో వేరావల్ దాకా పోయి వేరేవాళ్ల పడవల మీద వేటాడుతున్నారు. 2018లో అలా వెళ్లిన మనవాళ్లని పాకిస్తాన్ పట్టుకుపోతే ఇళ్లల్లో ఆడవాళ్లు ఏడాదికి పైగా ఎదురుచూశారు. సంజ్ఞాదేవి కథ ఇదే. వేడికి తాళలేక ఇల్లు వదిలి వెళ్లేవాళ్ల కథ. వేరావల్ వెళ్లే మనిషి తన పోలికతో ఒకణ్ణి చేసి పిల్లల దగ్గర వదిలి వెళ్తే? వాడు రోజూ వాకిట్లో కూర్చుని పిల్లల లెక్కలు చూస్తాడు. ఆరు నెలలకి అసలు తండ్రి తిరిగొస్తే పిల్లలు ఎవరి ఒళ్లోకి వెళ్తారు? భార్య ఎవరికి ముందు అన్నం పెడుతుంది? యంత్రానికి ఛాయ పెట్టినట్టు హద్దు ఉందా? ఈ కథని అమెరికావాడు రాయలేడు. జపాను ప్రొఫెసరు రాయలేడు. మందస, సోంపేట, వజ్రపుకొత్తూరు పిల్లలు రాయగలరు, వాళ్ల ఇంట్లో జరిగినదే గనక.

ఉద్దానంలోనే ఇంకో కథ ఉంది, దాన్ని తలుచుకుంటేనే నాకు గొంతు పట్టేస్తుంది. అక్కడ ఎంతోమందికి కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఎన్నో ఏళ్లుగా పరీక్షలు చేస్తున్నా ఇదీ కారణమని ఇంకా తేలలేదు. పలాసలో 2023లో కిడ్నీ ఆసుపత్రీ పరిశోధన కేంద్రమూ తెరిచారు. ఆ జబ్బున్న ఒక ఇంజనీరు తన పోలికతో రోబోని చేశాడనుకోండి. దానికి డయాలసిస్ అక్కర్లేదు. ఎండలో జీడితోటలో రోజంతా పని చేస్తుంది. అతను మంచం మీదినుంచి తన ఒళ్లు ఆరోగ్యంగా తిరుగుతుంటే చూస్తుంటాడు. దానికి తన జబ్బు కూడా ఇవ్వాల్సిందా? ఇవ్వకపోతే అది తనెలా అవుతుంది? ఇస్తే అంత కష్టం ఎందుకివ్వాలి? పోటీలకి వచ్చే పిల్లల్లో కొందరి ఇళ్లల్లో ఈ మంచం ఉంది, నాకు తెలుసు. ఆ మంచాన్ని పక్కనపెట్టి నీలం కళ్ల రోబోని రాసుకొస్తున్నారు. కథల్లో ఇలాంటివి రాయకూడదని వాళ్ల భయం. రాయచ్చు బాబూ. అవే రాయాలి.

కొందరు తల్లిదండ్రులు నాతో వాదిస్తారు. ఈ కాలం పిల్లలకి ఇంజనీరింగు సీటు, ఉద్యోగం, అంతవరకే తీరిక, వాళ్లని ఇంత వేధించకండి అంటారు. మా రోజుల్లో మాత్రం తీరిక ఎక్కడుంది? పొలం పనికి వెళ్లి వచ్చి డాల్డా డబ్బాకి మేకు కొట్టాం. రాత్రి లాంతరు కింద కథ రాసుకున్నాం. చందమామ అట్టల మీద వడ్డాది పాపయ్యగారి బొమ్మలు చూసి, ఆయన పుట్టింది ఈ శ్రీకాకుళంలోనేనని తెలిసి, మనమూ గీయగలమేమో అని పెన్సిలు పట్టాం. అందరం పాపయ్యలం కాలేదు. కాని గీసినంతమేరకు అది మా చెయ్యి. ఇప్పుడు పిల్లల చేతుల్లో ఉన్న ఫోను మేమెవరం కలలో కూడా చూడని సామాను. దానితో గొంతు పట్టుకోవచ్చు, నడక వీడియో తియ్యచ్చు, నాన్న కోపం వచ్చినప్పుడు ఎలా దగ్గుతాడో రికార్డు చెయ్యచ్చు. ఇంత సామాను పెట్టుకుని ఒక్క ఫొటో ఎక్కించి ఊరుకుంటుంటే నాకు కోపం రాదూ?

ఈసారి పోటీకి కథలు చూడమని మళ్లీ అడిగారు. నా షరతులు నేను చెప్పాను. చేతిరాతే కావాలని పట్టుబట్టను, టైపు చేసే పంపండి. బొమ్మ ఎలా వేసుకున్నా సరే, మచ్చలు మాత్రం చెరపకండి. రోబోది ఏ ఊరో రాయాలి. కరెంటు పోతే ఏం చేస్తుందో రాయాలి. అది ఏ మాట వినదో, ఎక్కడ ఇంక మొయ్యనంటుందో ఒక్క వాక్యమైనా ఉండాలి. రోబో మాట్లాడే మాటలన్నీ మీరే మీ ఇంట్లో మాట్లాడినట్టు చదివి, రికార్డు చేసి, కథతోపాటు పంపాలి. నత్తి ఉంటే నత్తితోనే పంపండి. పంపడానికి గడువు రథసప్తమి.